ఫాగ్ డ్యామ్ పాములు బతికేది ఈ ఎలుక మీద

ఎలుక మీద ఇంత పొడుగు పోస్టు ఏంటి అని నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి, తర్వాత చదవండి. ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న డార్విన్‌లో కాపురం పెట్టిన దగ్గర్నుంచి చూస్తున్నా, ఇక్కడి వరద మైదానాల గురించి ఎవరిని కదిపినా మొసలి, మొసలి, లేకపోతే పక్షులు, ఇంకా గట్టిగా అడిగితే కొండచిలువలు, అంతే. వీటన్నిటి కాళ్ళ కింద, నేల నెర్రెల్లో బతికే డస్కీ రాట్ అనే ఎలుక సంగతి ఎవరూ ఎత్తరు. నన్నడిగితే అడిలైడ్ నది పక్కన ఆ మైదానం మొత్తం నడిచేది దాని మీదే. ఆ ఎలుక నడిచేది వాన మీద. అదీ ఎంత వాన పడింది అని కాదు, ఎప్పుడు పడింది, నీళ్ళు ఎన్నాళ్ళు నిలిచాయి అన్నదాని మీద.

ఆస్ట్రేలియాలో ఎలుక అనగానే జనానికి గుర్తొచ్చేవి ఓడలెక్కి వచ్చిన నల్ల ఎలుక, బ్రౌన్ ఎలుక, తూర్పు రాష్ట్రాల్లో గోధుమ పంట మీద దండెత్తే చుంచులు. ఇవన్నీ బయట సరుకే. కానీ అదే రాటస్ ప్రజాతిలో ఈ ఖండానికి సొంతమైనవి ఏడు రకాలున్నాయి, ఎవడో ఓడలో తెచ్చి దింపినవి కావు, సుమారు పది లక్షల ఏళ్ళ కిందట న్యూ గినీ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన వాటి సంతతి. మన డస్కీ రాట్ ఆ ఏడింట్లో ఒకటి. సైన్స్ వాళ్ళ లెక్కలో రాటస్ కొల్లెట్టి. 1904లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే ఓల్డ్‌ఫీల్డ్ థామస్ దీన్ని మొదటిసారి వర్ణించి నార్వే జంతుశాస్త్రవేత్త రాబర్ట్ కొల్లెట్ పేరు తగిలించాడు. నార్దర్న్ టెరిటరీలో పై కొస, అంటే ఇక్కడ అందరూ టాప్ ఎండ్ అనే ముక్క, ఆ ముక్కలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇది లేదు.

చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ ఉండదు, నిజం చెప్పాలి. ముదురు గోధుమ, కొన్నిటికి దాదాపు నలుపు, కడుపు దగ్గర కాస్త లేత రంగు, తోక ఒంటి కంటే పొట్టి. క్వీన్స్‌లాండ్ చెరకు తోటల్లో తిరిగే ఎలుక, ఎడారి వైపు ఉన్నట్టుండి లక్షల్లో పుట్టుకొచ్చే లాంగ్ హెయిర్డ్ రాట్, ఇదీ, మూడూ దగ్గరి చుట్టాలు. పాత పుస్తకాల్లో దీన్ని విడిగా లెక్కపెట్టకుండా చెరకు ఎలుకలోనే ఒక ఉపజాతిగా కలిపేసిన రోజులు కూడా ఉన్నాయి. తీరా క్రోమోజోములు లెక్కపెడితే చెరకు ఎలుకకి 32, ఎడారి దానికి 50, దీనికి 42. ఇంక వాదన ఎందుకు.

దీని అసలు ప్రత్యేకత ఒంట్లో లేదు, ఉన్న చోట్లో ఉంది. అడిలైడ్, మేరీ, సౌత్ ఎలిగేటర్ లాంటి నదులు సముద్రం దగ్గర పడేసరికి రెండు పక్కలా కనుచూపు మేర ఒకటే చదును. మట్టి చూస్తే మనకి బాగా తెలిసిన రకమే, నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. మే నుంచి అక్టోబరు దాకా ఇక్కడ దాదాపు చినుకు ఉండదు, నేల ఎండేకొద్దీ ఆ నెర్రెలు చెయ్యి దూరేంత అవుతాయి, కింద లోతుకి పోతాయి, ఒకదాంతో ఒకటి కలుస్తాయి. డస్కీ రాట్‌కి అదే ఇల్లు. పగలంతా పైన నేల పెనంలా కాలుతుంటే లోపల నెర్రెల్లో చల్లగా పడుకుంటుంది, చీకటి పడ్డాక బయటికొచ్చి గడ్డి, తుంగ, గింజలు, బురదలో తుంగ జాతి మొక్కల కింద ఊరే చిన్న చిన్న గడ్డలు, ఇవి తవ్వుకుని తింటుంది. కట్టిన ఇల్లు, పెట్టిన భోజనం అన్నమాట.

నవంబరు డిసెంబరు వచ్చేసరికి ఈ వైభోగం అంతా తలకిందులు. డార్విన్‌లో ఏడాదికి పడేది సుమారు 1700 మిల్లీమీటర్లు, అందులో దాదాపు అంతా ఆ నాలుగైదు నెలల్లోనే దబదబా కురిసేస్తుంది. మొదటి వానలకే మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుపోతాయి, అంటే వరద రాకముందే ఇల్లు పోయింది. తర్వాత నది పొంగి మైదానం అంతా నీళ్ళు. ఆ నీళ్ళు వెంటనే పోవు, వారాలు, ఒక్కోసారి నెలలు. అప్పుడు ఎలుకలకి మిగిలేది మైదానం అంచుల్లో కాస్త మెరక, నది ఒడ్డున నదే ఒండ్రు పోసి కట్టుకున్న సహజమైన గట్లు. గట్టు అంటే పెద్దగా ఊహించుకోకండి, చుట్టూ నేల కంటే ఏదో కొంచెం ఎత్తు, కంటికి ఆనను కూడా ఆనదు. కానీ ఆ కొంచెం ఎత్తే చావుకీ బతుక్కీ తేడా. అందిన ఎలుక బతుకుతుంది, అందనిది పోతుంది, వచ్చే ఏడు మైదానాన్ని మళ్ళీ నింపాల్సింది ఆ మిగిలిన కాసినీ.

నింపుతాయి కూడా, అందులో ఏ మాత్రం మొహమాటం లేదు. మూడు వారాలు కడుపుతో ఉంటుంది, ఈతకి పిల్లలు బోలెడు, ఆ పిల్లలు కొద్ది వారాలకే తల్లులైపోతాయి, తిండి ఉన్నంత కాలం ఆగకుండా ఈనుతూనే ఉంటాయి. మంచి ఏడాదిలో ఒక చదరపు కిలోమీటరులో ఉన్న ఎలుకల్ని అన్నిటినీ కలిపి తూకం వేస్తే లెక్క కిలోల్లో రాదు, టన్నుల్లో వస్తుంది. ఒక్కోటి మహా అయితే వంద రెండొందల గ్రాములు తూగే జంతువు అని గుర్తుపెట్టుకుని ఆ మాట మళ్ళీ చదవండి.

ఇన్ని టన్నుల మాంసం నేలలో తిరుగుతుంటే తినేవాళ్ళు ఊరుకుంటారా. గుడ్లగూబలు తింటాయి, గద్దలు తింటాయి, డింగో అనే అడవి కుక్కలు తింటాయి, కానీ అసలు కస్టమర్ వాటర్ పైథాన్. డార్విన్ నుంచి ఓ 70 కిలోమీటర్లు, ఆర్నెమ్ హైవే మీద హంప్టీ డూ దాటాక వచ్చే ఫాగ్ డ్యామ్ చుట్టుపక్కల ఈ పాము ఎంత దండిగా ఉంటుందంటే, కొండచిలువల్ని చదివే శాస్త్రవేత్తలకి అది పుణ్యక్షేత్రం అయిపోయింది. పైన నల్లటి గోధుమ రంగు, కింద పసుపు, టార్చి వెలుగు పడితే ఒళ్ళంతా హరివిల్లు రంగులు తేలతాయి, అంత అందమైన పాము. థామస్ మాడ్సెన్, రిచర్డ్ షైన్ అనే ఇద్దరు వీటి వెంటపడి ఏళ్ళ తరబడి పట్టడం, గుర్తు పెట్టడం, వదలడం, ఒంట్లో రేడియో ట్రాన్స్‌మిటర్ పెట్టి వెనకాలే తిరగడం చేశారు. 1996లో వాళ్ళు రాసిన పేపర్ నాకు భలే ఇష్టం. ఎండాకాలంలో ఈ పాములు డ్యామ్ దగ్గరి పల్లపు నేలలో ఉంటాయి, ఎందుకంటే ఎలుకలు అక్కడి నెర్రెల్లో ఉంటాయి కాబట్టి. వానలు మొదలై ఎలుకలకి అక్కడ చోటు లేకుండా పోయేసరికి పాములు కూడా మూటాముల్లె సర్దుకుని నది గట్టుకి బయల్దేరతాయి, ఎంత దూరం అంటే 12 కిలోమీటర్ల దాకా. మళ్ళీ నేల ఆరాక వెనక్కి. ఆఫ్రికాలో జింకల వెనక సింహాలు వెళ్ళినట్టు చూపించి టీవీలో అంత హడావిడి చేస్తారు కదా, ఇక్కడ ఎలుకల వెనక కొండచిలువలు పాక్కుంటూ వలస పోతున్నాయి, ఏ కెమెరా ఎదురెళ్ళదు.

ఎలుకలు బాగా ఉన్న ఏడాది ఆడ పాములు ఒళ్ళు చేసి, వాటిలో ఎక్కువ శాతం గుడ్లు పెడతాయి, ఎలుకలు లేని ఏడాది చాలావరకు గుడ్లే మానేస్తాయి. ఇంతవరకు ఎవరైనా ఊహిస్తారు. నన్ను ఆపి మళ్ళీ చదివించింది 2000లో వచ్చిన ఇంకో ఫలితం. ఎలుకలు పుష్కలంగా ఉన్న సంవత్సరంలో గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల పాములు మొదటి ఏడాది గబగబా పెరుగుతాయి, అది సరే, కానీ ఆ తర్వాత కూడా, పెద్దయ్యాక అందరితో పాటు అదే మైదానంలో అదే తిండి తింటున్నా కూడా, కరువు ఏడాదిలో పుట్టిన వాటికంటే ఇవే వేగంగా పెరుగుతూ పోతాయి. అంటే పుట్టిన ఏడు నోటికి ఎన్ని ఎలుకలు అందాయో ఆ లెక్క పాము ఒంట్లో జీవితాంతం ఉండిపోతుంది. ఏ ఏడు వాన ఎలా పడిందో ఏళ్ళ తర్వాత పాము పొడవులో తేలుతుంది అంటే నాకు కాసేపు నమ్మబుద్ధి కాలేదు.

ఇంతకీ వాన ఎలా పడితే ఎలుకకి మంచిది? ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు, ఎక్కువ వాన అంటే ఎక్కువ గడ్డి, ఎక్కువ గడ్డి అంటే ఎక్కువ ఎలుకలు అని. కాదు. వానాకాలం తొందరగా ముగిసిపోతే నేల ముందే ఎండిపోతుంది, పచ్చి మేత అయిపోతుంది, ఈతలు ఆగిపోతాయి, ఎలుకలు తగ్గుతాయి. పోనీ వానలు సాగి సాగి నీళ్ళు ఎక్కువ కాలం నిలిచిపోతే మునిగి చచ్చేవి చస్తాయి, మిగిలినవి నేల ఎప్పుడు ఆరుతుందా అని గట్టు మీద ఇరుక్కుని ఉంటాయి, అప్పుడూ తగ్గుతాయి. రెండిటి మధ్య సన్నటి సందు ఉంది, ఆ సందులో పడ్డ ఏడాదే పండగ. కాకడూ నేషనల్ పార్క్ వైపు ఆదివాసులైన బినింజ్ జనం ఏడాదిని వాన, ఎండ అని రెండు ముక్కలు చేసి ఊరుకోరు, ఆరు కాలాలుగా పంచుతారు, వరదలు నిండే గుజెవ్గ్ వేరు, ఆ తర్వాత ఏప్రిల్ ప్రాంతంలో ఆఖరి గాలివానలు వచ్చి నిలువెత్తు గడ్డిని పడగొట్టే బంగ్గెరెంగ్ వేరు. ఈ ఎలుక విషయంలో చూస్తే ఆ పంపకమే కరెక్ట్ అనిపిస్తుంది, వాతావరణ శాఖ ఇచ్చే వానాకాలం మొత్తం ఇన్ని మిల్లీమీటర్లు అనే ఒక్క అంకె చూసి ఎలుకల గురించి ఏమీ చెప్పలేం.

మధ్యలో వరి కథ ఒకటి ఉంది, అది చెప్పకపోతే తెలుగువాళ్ళం అనిపించుకోం. అసలు ఫాగ్ డ్యామ్ కట్టింది పక్షుల కోసమో పాముల కోసమో కాదు, వరి కోసం. 1950ల్లో ఇంత నల్లమట్టి, ఇన్ని నీళ్ళు, ఇంత చదును నేల చూసి, ఇక్కడ వరి వేసి ఆసియాకి అమ్ముదాం అని అమెరికా పెట్టుబడులతో టెరిటరీ రైస్ అనే కంపెనీ దిగింది, అక్కడి టీవీ స్టార్ ఆర్ట్ లింక్‌లెటర్ కూడా డబ్బు పెట్టాడు. 1956లో డ్యామ్ కట్టారు. కాగితం మీద లెక్క అంతా బ్రహ్మాండం. నాటాక చూస్తే మ్యాగ్‌పై గూస్ బాతులు గుంపులుగా దిగి తినేశాయి, అడవి దున్నలు తొక్కాయి, ఉప్పు నేల, సరిగ్గా పారని నీళ్ళు, మేనేజ్‌మెంట్ గొడవలు, వాటితో పాటు ఎలుకలు. పదేళ్ళు కూడా తిరగకుండానే దుకాణం కట్టేశారు. ఈ కథ చెప్పేటప్పుడు ఎలుకల్ని దొంగల లిస్టులో వేస్తారు, నాకు అక్కడ ఒళ్ళు మండుతుంది. ఆ మైదానంలో అప్పటికే అడవి వరి ఉంది, ఒరైజా మెరిడియోనాలిస్ అని దాని సొంత రకం, అది రాల్చిన గింజలు తిని బతకడం అక్కడి జీవాలకి తరతరాల అలవాటు. వాళ్ళ భోజనాల బల్ల మీదకి మనం కొత్త వంటకం తెచ్చిపెట్టి, తిన్నారే అని తిట్టడం ఏం న్యాయం. వరి పోయింది, డ్యామ్ మిగిలింది, ఎండాకాలంలోనూ నీళ్ళుండే చోటు కాబట్టి జీవాలన్నీ అక్కడ చేరాయి, ఇప్పుడది సంరక్షిత ప్రాంతం. కంపెనీ మునిగినందుకు నాకైతే పెద్ద బాధ లేదు.

సరే, అసలు దెబ్బ సంగతికి వద్దాం. 1991 నుంచి 2005 దాకా పదిహేనేళ్ళ లెక్కలు దగ్గర పెట్టుకున్నాక పరిశోధకులకి వ్యవస్థ అర్థమైపోయినట్టే అనిపించింది. వానలు ఇలా ఉంటే ఎలుకలు ఇన్ని, ఎలుకలు ఇన్ని ఉంటే పాములు ఇలా, ఏటా పైకీ కిందకీ ఊగుతున్నా ఊగడానికి ఒక పద్ధతి ఉంది. ఆ తర్వాత 2007లో ఒక వరద వచ్చింది. ఇంకోటి 2011లో, డార్విన్ మీద కార్లోస్ తుఫాను వచ్చి కూర్చున్న వానాకాలం అది. రెండూ వారాల తరబడి సాగిన వరదలు కావు, కొద్ది రోజుల్లో కుమ్మరించేసి పోయినవి. ఆ రెండు దెబ్బలకి మైదానంలో డస్కీ ఎలుకలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మామూలు సంవత్సరాల్లో నీళ్ళు మెల్లగా పెరుగుతాయి కాబట్టి జరుగుకుంటూ మెరకకి చేరడానికి టైం ఉంటుంది, ఇక్కడ ఆ టైం ఎక్కడిది, పైగా ప్రాణాలు కాచే ఆ చిన్న గట్టే మునిగిపోతే ఇంకెక్కడికి పోతాయి.

2016లో బియాటా ఉయ్‌వారి, గ్రెగొరీ బ్రౌన్, షైన్, మాడ్సెన్ కలిసి ఆ తర్వాతి కథ రాశారు, 2014 దాకా లెక్కలతో. ఆఖరి ఎనిమిదేళ్ళలో ఏడేళ్ళు పాములకి కరువు. తిండి తగ్గింది, గుడ్లు తగ్గాయి, పెరుగుదల తగ్గింది, ఒంట్లో బరువు తగ్గింది, బతికేవి తగ్గాయి, చివరికి సగటు పొడవు కూడా తగ్గింది. పెద్ద పాములు నిండుగా ఉండే చోట చిన్నవీ, బక్కవీ మిగిలాయి. ఎలుక లేకపోతే కప్పలో, పక్షి గుడ్లో తిని సర్దుకోవచ్చుగా అని అనిపిస్తుంది, మ్యాగ్‌పై గూస్ గుడ్లు ఇవి తింటాయి కూడా, కానీ ఆ గుడ్లు ఏడాదిలో కొన్ని వారాలే దొరుకుతాయి, ఎలుక లోటు పూడ్చే సరుకు ఆ మైదానంలో ఇంకోటి లేదు.

ఆ పేపర్‌లో వాళ్ళే ఒప్పుకున్న విషయం ఒకటుంది, పదిహేనేళ్ళ మామూలు ఎగుడుదిగుళ్ళన్నీ కలిపినా కొద్ది రోజులే ఉన్న ఈ రెండు వరదల ముందు లెక్కలోకి రావు, ఎన్నేళ్ళు డేటా పోగేసినా ఇలాంటిది ముందే చెప్పడం కుదరకపోవచ్చు అని. నాకు ఈ నిజాయితీ నచ్చింది. క్లైమేట్ ఛేంజ్ గురించి ఎక్కడ మాటలు నడిచినా సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగింది, ఒక డిగ్రీ పెరిగింది అంటుంటారు, వినీ వినీ చెవులు దిబ్బడలేసిపోయాయి. ఈ ఎలుకని ఆ అర డిగ్రీ ఏం చేసిందో ఏమోగానీ, రెండు కుండపోతలు మాత్రం మైదానం నుంచి ఊడ్చేశాయి. సగటు చూసి ప్లాన్ వేసేవాళ్ళకి ఆ రెండు వారాలు గ్రాఫ్‌లో కనపడను కూడా కనపడవు.

మిగతా కష్టాలు కూడా ఉన్నాయి లెండి, తొందరగా చెప్పేస్తా. మిమోసా అనే ముళ్ళ కంప, పశువుల మేత కోసం తెచ్చి వేసిన పారా గడ్డి, ఈ రెండూ అడవి వరినీ తుంగనీ తోసేసి మైదానాలు ఆక్రమించుకుంటున్నాయి. మేరీ నది వైపు సముద్రపు ఉప్పు నీళ్ళు లోపలికి చొరబడి మంచినీటి నేలలు పోతున్నాయి. 2005లో ఫాగ్ డ్యామ్‌కి కేన్ టోడ్ అనే విషపు కప్ప చేరింది, దాన్ని మింగి ఉడుములు, కింగ్ బ్రౌన్ పాములు దారుణంగా చచ్చాయి, వాటర్ పైథాన్‌కి మాత్రం దాంతో పెద్ద నష్టం రాలేదు. వచ్చిన రెండేళ్ళకే ఎలుకలు పోయి దీనికి వేరే దారిలో దెబ్బ తగిలింది, అది వేరే సంగతి.

తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఇవి ఇంట్లోకి వస్తాయా అని. రావు. డార్విన్‌లో మీ సీలింగ్ మీద రాత్రిపూట పరిగెత్తేది ఓడ దిగిన నల్ల ఎలుక అయ్యుండొచ్చు, ఇది మాత్రం కాదు. దీనికి మీ కిచెన్‌తో పనిలేదు, వరద మైదానం, దాని అంచులు, అంతే దాని లోకం. కాబట్టి మైదానం పోతే ఊళ్ళోకొచ్చి బతికేద్దాం అనే ఛాన్సూ లేదు.

చూడాలని ఉంటే ఎండాకాలంలో చీకటి పడ్డాక వెళ్ళండి, కారు మెల్లగా పోనివ్వండి, నీళ్ళ అంచుకి మాత్రం అస్సలు పోకండి, మొసళ్ళు నిజంగానే ఉంటాయి. ఎలుక కనిపించడం కష్టం, కనిపించినా గడ్డిలో ఓ సెకను. పాము కనిపించడం తేలిక, అది వెచ్చటి రోడ్డు మీదకి వస్తుంది. అప్పుడు దాని రంగులు మాత్రమే చూసి వచ్చేయకండి, నడుము చూడండి. గుండ్రంగా, నిండుగా ఉంటే ఆ ఏడు ఎలుకలు బానే ఉన్నాయని అర్థం. వెన్ను తేలి, రెండు పక్కలా చర్మం మడతలు పడి ఉంటే నెర్రెలు ఖాళీ. చూశాక రోడ్డు మధ్యలో ఆగి ఫోటోలు తీస్తూ కూర్చోకుండా దాన్ని దాటనివ్వండి, ఆ రోడ్డు మీద వెనక వచ్చే బండి వాళ్ళకి పాము కనపడదు.